రఫూ మేస్త్రి కుక్క రక్తం తాగలేదు

రఫూ మేస్త్రి పెంచే కుక్క వెల్డింగు మేస్త్రి కుక్క మెడ కొరికి రక్తం తాగిందనీ, ఆ రక్తం ఒంటబట్టాకే దాని మొహానికి కళ వచ్చిందనీ ఒక మాట మన వీధి దాటి పక్క వీధి కూడా చేరింది. పుట్టించింది ఎవరో అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. అందరూ విన్నవాళ్ళే, అన్నవాళ్ళు మాత్రం లేరు. ఆ మాటలో నిజమల్లా రక్తం ఒక్కటే. మిగిలిందంతా గోడ మీంచి తొంగి చూసి, కనబడని సగాన్ని సొంతంగా పూరించుకున్నవాళ్ళ పుణ్యం. అసలు జరిగింది వేరు.

రఫూ మేస్త్రి చిరిగిన బట్టకి అతుకు వేసే మనిషి కాదు. ఎవరైనా తెలియక "అతుకు వేస్తావా" అని అడిగితే మొహం ముడుచుకుంటాడు. అదే బట్ట మడతలోంచి పోగులు లాగి, చిరిగిన చోట ఒక్కొక్క పోగే అల్లుకుంటూ మళ్ళీ బట్ట నేస్తాడు. ఇచ్చినవాళ్ళు తిరిగి వచ్చి ఎక్కడ చిరిగిందో వెతుక్కోవాలి. వాళ్ళు వెతుకుతుంటే ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ఏమీ ఎరగనట్టు సూదిలోకి దారం ఎక్కిస్తుంటాడు. అదే ఆయన పండగ.

ఇంటి ముందుగదే పనిగది. ఒక బల్ల, బల్ల మీదికి వంగిన పసుపు దీపం, గోడ నిండా మేకులు, మేకు మేకుకీ దారపు రీళ్ళు. ఎరుపు అని మనం ఒక్కమాటలో తేల్చేసేదానికి ఆయన దగ్గర ఒక గోడే ఉంది. కానీ రంగు జత కలపాలంటే ఆ దీపం కింద ఎప్పుడూ చూడడు. బట్టా రీలూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, పగటి వెలుతురులో చూసి గాని పని మొదలుపెట్టడు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదట చెప్పేది కూడా అదే.

ఆ గుమ్మంలోనే బొత్తాం పడుకునేది. గోధుమరంగు ఆడకుక్క. పిల్లగా ఉన్నప్పుడు ఇంట్లోకి దూరిన రోజే ఒక పెద్దమనిషి కోటు బొత్తాం మింగేసింది, ఆ పేరే దానికి నిలిచిపోయింది. మూట పట్టుకుని ఎవరొచ్చినా ముందు అది వాసన చూడాలి, తరవాతే మేస్త్రి చేతికి వెళ్ళాలి. మేస్త్రి భార్య దాన్ని "మేనేజరమ్మ" అని పిలిచేది. కూతురు పెళ్ళయి వెళ్ళాక ఈ ఇంట్లో తనమాట వినని ఆడది మళ్ళీ ఒకతె తయారైందని విసుక్కుంటూనే, తినేదాంట్లో పక్కన పెట్టేది.

ఒక ఉదయం మూట వచ్చింది, బొత్తాం లేవలేదు. తల ఎత్తి చూసి మళ్ళీ దించేసింది. పెరట్లో అది పోసిన చోట చూస్తే కాఫీ డికాక్షన్ రంగు. మేస్త్రి దాన్ని గుమ్మంలోకి లాగి పెదవి ఎత్తి చూశాడు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు ఉతికి ఉతికి వెలిసిపోయిన దిండు గలీబులా ఉన్నాయి. కంటి తెల్లగుడ్డులో పసుపు జీర. రంగుల్లో బతికిన మనిషికి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు, పని బట్టలన్నీ బల్ల మీదే వదిలేసి కుక్కని భుజాన వేసుకుని నడిచాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాడు.

పశువుల డాక్టరమ్మ రక్తం తీసి చూసి, కూర్చోమంది. ఒంట్లో పురుగూ పుట్రా, జబ్బూ చేరకుండా కాపలా కాసే బలగం ఒకటి ఉంటుందనీ, బొత్తాం ఒంట్లో ఆ బలగమే దారి తప్పి, సొంత రక్తంలోని ఎర్రకణాలని శత్రువులనుకుని చంపేస్తోందనీ చెప్పింది. ఎందుకిలా జరుగుతుందో చాలాసార్లు తెలియదట. ఎవరి తప్పూ కాదట. ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదట.

"అంటే కుట్టేవాడే కూర్చుని కుట్లు విప్పేస్తున్నట్టు," అన్నాడు మేస్త్రి.

"అంతే. విప్పే చేతిని ఆపడానికి మందులున్నాయి. కానీ అవి పనిచేసేదాకా బతకడానికి దీని దగ్గర రక్తం లేదు. ఇవాళే వేరే కుక్క రక్తం ఎక్కించాలి. ఎక్కించినా మొదటి వారాలు గట్టెక్కని కుక్కలు చాలా ఉన్నాయి. ముందే చెబుతున్నాను."

రక్తమిచ్చే కుక్క పెద్దదై ఉండాలి, ఆరోగ్యంగా ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి. అలాంటిది మన వీధిలో ఒక్కటే ఉంది, వెల్డింగు మేస్త్రి షెడ్డు ముందు కట్టేసి ఉండే ఉరుము. దాని గొంతు వింటే పోస్టుమాను అవతలి పక్కన నడిచేవాడు. బొత్తానికీ దానికీ పడేది కాదు. ఇద్దరు మేస్త్రులకీ కూడా పలకరింపులు అంతంతమాత్రమే. వెల్డింగు నిప్పురవ్వ ఎగిరి, ఆరేసిన ఎవరిదో కోటుకి చిల్లి పెట్టిందని ఒకసారి గొడవ జరిగింది. ఆ చిల్లిని రఫూ మేస్త్రే పూడ్చాడు, గొడవ మాత్రం పూడలేదు.

ఆయన చెప్పులు లేని కాళ్ళతోనే షెడ్డులోకి వెళ్ళి, అడగలేక అడగలేక అడిగాడు. వెల్డింగు మేస్త్రి ముసుగు పైకెత్తి అంతా విన్నాడు. మంట ఆర్పేసి, ఉరుముని తన వ్యానెక్కించాడు.

రెండు రక్తాలూ కలిపి చూసి పరవాలేదన్నాక, ఉరుము మెడ మీద బొచ్చు గొరిగి సూది పెట్టారు. అంత పెద్ద ఉరుము నర్సు ఒళ్ళో తల పెట్టుకుని, కూనలా మూలుగుతూ పడుకుంది. పక్క బల్ల మీద బొత్తానికి చుక్క చుక్కగా రక్తం ఎక్కుతోంది. సాయంత్రానికి అది తల ఎత్తింది. రఫూ మేస్త్రి గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, అవి తుడవాల్సినంత మురికిగా ఏమీ లేవు.

బయటికి వచ్చాక వెల్డింగు మేస్త్రి ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు.

"అన్నా, ఒక్కమాట. మావాడు నర్సమ్మ ఒళ్ళో పడుకుని ఏడ్చాడని వీధిలో తెలియకూడదు. షెడ్డులో ఇనుము ఉంది. వాడంటే భయం ఉన్నన్నాళ్ళే ఆ ఇనుము ఉంటుంది."

"నా నోట రాదు తమ్ముడూ," అన్నాడు రఫూ మేస్త్రి. ఆ రాత్రి భార్యకి కూడా డాక్టరమ్మే రక్తం తెప్పించిందని చెప్పాడు.

ఇక మర్నాడు వీధి చూసింది ఏమిటంటే, ఉరుము మెడకి కట్టు, నిన్నటిదాకా చావుబతుకుల్లో ఉన్న బొత్తాం లేచి నిలబడటం. పైగా మేస్త్రి రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చుని దాని పెదవి ఎత్తి పళ్ళు చూడటం. రంగు బాగుందని డాక్టరమ్మ చెప్పిన రోజున చిగుళ్ళకి సరిగ్గా సరిపోయే గులాబీ రీలు ఒకటి ఏరి పెట్టుకున్నాడు, దాన్ని పెదవి పక్కన పెట్టి చూసుకునేవాడు. గోడ మీంచి చూసినవాళ్ళకి రీలు కనబడలేదు, కోరలు కనబడ్డాయి. మేస్త్రి భార్య ఫోనులో కూతురితో "దాని రక్తాన్ని అదే తినేస్తోందటే" అనడం పక్కింటివాళ్ళు విన్నారు. వాళ్ళ చెవిలో పడ్డది రక్తం, తినేస్తోంది, ఈ రెండే. ఆపైన కథ తనంతట తనే నడిచిపోయింది.

మందులు మొదలయ్యాక బొత్తానికి ఆకలి పట్టింది. అలాంటి ఇలాంటి ఆకలి కాదు. గిన్నెడు తిని గిన్నె నాకి, గిన్నె కింద నేల నాకేది. కుండెడు నీళ్ళు తాగి ఎక్కడ పడితే అక్కడ పోసేది. పొట్ట జారింది, నడుము మీద బొచ్చు పలచబడింది, ఊరికే రొప్పేది. మేస్త్రి భార్య నేల తుడిచి తుడిచి, "నా పెళ్ళిలో నాకు పెట్టిన చీరలన్నీ దీని కింద పరిచేశాను, మహారాణి" అని దెప్పేది. అంటూనే మాత్రని ఉడికిన గుడ్డులో దాచి, తనే నోట్లో పెట్టేది. మేస్త్రి పెడితే గుడ్డు తిని మాత్ర ఉమ్మేసేది. సూదిలోకి దారం ఎక్కించే చేతికి, కుక్క నోట్లోకి మాత్ర ఎక్కించడం చేతకాలేదు.

ఆ మందులు ప్రమాదమనీ, ఠక్కున ఆపేయమనీ చెప్పినవాళ్ళున్నారు. మేస్త్రి ఎవరితోనూ వాదించలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు రక్తపరీక్ష చూసి, కొంచెం తగ్గించడం, ఆగడం, మళ్ళీ చూడడం. ఒక్కో పోగే లాగే మనిషికి ఆ పద్ధతి కొత్తదేమీ కాదు.

అలాంటి మనిషే ఒకచోట తప్పు చేశాడు. ముసురు పట్టింది. గుమ్మంలోకి జల్లు కొడుతోందని బొత్తాన్ని బల్ల దగ్గరికి తెచ్చి, దీపం కింద పెదవి ఎత్తి చూసేవాడు. రీలుకీ చిగుళ్ళకీ జత బాగానే కుదిరేది. పసుపు దీపం కింద పసుపు కనబడదని ఊరందరికీ చెప్పిన మనిషికి, తన కుక్క దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తు రాలేదు. బాగుండాలన్న ఆశ అలాంటిది. ముసురు విడిచిన రోజు, తుడవడానికి వచ్చిన భార్య గుమ్మంలో నిలబడి పిలిచింది.

"ఏవండీ, దాన్ని ఒకసారి ఇలా పట్టుకురండి. మీ దీపం నాకు నచ్చడం లేదు."

గుమ్మంలో పెదవి ఎత్తగానే ఆయన చేతిలో రీలు కింద పడింది. చిగుళ్ళు మళ్ళీ వెలిశాయి, అంచున పసుపు పాకింది. జబ్బు తిరగబెట్టింది. ఆయన అక్కడే చతికిలబడి, నా కన్ను నన్నే మోసం చేసిందే అన్నాడు. ఆవిడ ఓదార్చలేదు. ఏడవడానికి తరవాత బోలెడు తీరిక ఉంటుందని, కుక్క మెడకి పట్టీ తగిలించి ఆయన చేతికిచ్చి, ఈసారి చెప్పులు కూడా కాళ్ళ దగ్గర పెట్టింది. వేళకే పట్టుకొచ్చారంది డాక్టరమ్మ. మాత్రలు మళ్ళీ పెంచి, ఇంకొక మందు జతచేసింది. ఈసారి రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

సరిగ్గా ఆ గండంలోనే ఇల్లుగలాయన వచ్చాడు. ఆయన వెనకే మన వీధిలో సగం మంది. రక్తం మరిగిన కుక్క పిల్లలు తిరిగే చోట ఉండకూడదనీ, దాన్ని ఊరి బయట ఎక్కడైనా వదిలేయమనీ, లేదంటే ఇల్లు ఖాళీ చేయమనీ అన్నాడు. బొత్తాం ఆయన చెప్పు వాసన చూద్దామని లేచి, ఓపిక లేక మళ్ళీ కూలబడింది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. తన కుక్క ఎవర్నీ కరవలేదని చెప్పాడు. మరి ఉరుము మెడ గాయం ఎక్కడిదని అడిగితే, అది మాత్రం చెప్పలేనన్నాడు. ఎంతమంది ఎన్నివిధాల అడిగినా అదే జవాబు. ఇల్లు ఖాళీ చేస్తాను గాని కుక్కని వదలనని, గోడ మీది రీళ్ళు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. భార్య నోరు తెరవబోయి, ఆయన మొహం చూసి, తనూ రీళ్ళు అందించడం మొదలుపెట్టింది.

ఈ మాట షెడ్డుకి చేరింది. వెల్డింగు మేస్త్రి ముసుగు కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు, ముసుగులోంచి మాట్లాడితే ఎవరికీ అర్థం కాక, మళ్ళీ తీసి మొదటినుంచీ చెప్పాడు.

"అది కరిచిన గాయం కాదు, సూది గుచ్చిన చోటు. మా ఉరుమే రక్తం ఇచ్చాడు. నర్సమ్మ ఒళ్ళో పడుకుని, ఏడుస్తూ ఇచ్చాడు. చెప్పొద్దని నేనే ఈయన దగ్గర మాట తీసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, వెళ్ళి వీధంతా చెప్పుకోండి. మావాడు పిరికివాడైతే అయ్యాడు, ఒక ప్రాణం నిలబెట్టాడు."

ఇల్లుగలాయన చెప్పుల వైపు చూసుకున్నాడు. పెట్టెలోంచి ఒక రీలు తీసి, ఇది ఏ మేకుదని అడిగాడు. తప్పయిందనడం ఆయనకి అంతకన్నా చేతకాదు. ఆ సాయంత్రం ఉరుముకి వీధిలో జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. పోస్టుమాను కూడా ఇవతలి పక్కకి వచ్చి దాని తల నిమిరాడు. షెడ్డులో ఇనుముకి ఏమీ కాలేదు, వీధంతా ఇప్పుడు దానికి కాపలాయే.

బొత్తాం కోలుకుంది. మెల్లగా, మందు తగ్గే కొద్దీ పొట్ట లోపలికి పోయింది, నడుము మీద బొచ్చు వచ్చింది. చిన్న మాత్ర ఒకటి ఇంకా ఉంది, రక్తపరీక్షలూ ఉన్నాయి. మళ్ళీ రాదని డాక్టరమ్మ ఇప్పటికీ అనదు. కానీ మూట పట్టుకుని గుమ్మంలోకి ఎవరొచ్చినా మేనేజరమ్మ అనుమతి కావాల్సిందే. దాన్ని చూడటానికి పక్క వీధివాళ్ళొస్తే మనవాళ్ళు దగ్గరుండి మరీ చూపిస్తారు, రఫూ చేసిన కోటు చూపించినట్టు.

అయినా మూలింటి పెద్దమ్మకి మనసున పట్టలేదు. ఏ సంగతైనా మూలం దాకా అడిగి తెలుసుకుంటే గాని ఆవిడకి నిద్ర పట్టదు. అందరూ వెళ్ళిపోయిన ఒక మధ్యాహ్నం, చిరగని దుప్పటి ఒకటి వంకకి పట్టుకుని వెళ్ళి, బల్ల ముందు కూర్చుని, సూటిగా అడిగేసింది.

"ఏం నాయనా, ఇల్లు పోయేదాకా వచ్చింది, కుక్క పోయేదాకా వచ్చింది. ఒక్కమాట చెబితే పోయేదానికి నోరెందుకు కట్టేసుకున్నావు?"

రఫూ మేస్త్రి దుప్పటి అటూ ఇటూ తిప్పి చిరుగు కోసం వెతికాడు. లేదని తెలిసి, నవ్వి, మడత పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.

"రక్తసంబంధం కలిశాక, వాళ్ళింటి గుట్టు నేను బయటపెడతానా పెద్దమ్మా?"