దేవుడి పిడికెడు

మా చిన్నప్పుడు... పొయ్యి మీద ఎసరు పెట్టగానే అమ్మ ఒక పిడికెడు బియ్యం తీసి, గోడకు వేలాడే గుడ్డసంచిలో వేసేది. అది దేవుడి పిడికెడు. వడమాలపేట దగ్గర మా పల్లెలో చర్చికి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ అలాంటి సంచి ఉండేది. నెలకోసారి అన్నీ చర్చిలో చేర్చి దిక్కులేని వాళ్ళకు పంచేవారు.

మేము తినేది రేషన్ స్టోరు బియ్యం. దేవుడి పిడికెడు మాత్రం వేరే కుండలోంచి... కోతలకు వెళ్ళి కూలి కింద తెచ్చుకున్న వడ్లు ఆడించిన కొత్త బియ్యం. జ్వరమొచ్చినా ఆ కుండలోంచి గంజి కాచి ఇచ్చేది కాదు. సంచి మీద ఎర్రదారంతో తన పేరు కుట్టుకుంది, సుగుణమ్మ అని.

మా చర్చి సంఘపెద్దకు పొలాలుండేవి, మిద్దె ఉండేది, గొంతు అంతకంటే పెద్దది. పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని, అంతా ఇచ్చేశామని దేవుడి ముందు అబద్ధమాడి, పడి చచ్చిన మొగుడూ పెళ్ళాల కథ బైబిల్లో ఉంది కదా... అదంటే ఆయనకు మహా ఇష్టం. చెబుతూ చెబుతూ చాపల మీద కూర్చున్న కూలోళ్ళ వైపే వేలు చూపించేవాడు. మా దగ్గర దాచుకోవడానికి ఏముందని?

నెల సంచులన్నీ ముందు ఆయన ఇంట్లోనే చేరేవి. ఒక శనివారం అమ్మ చెనిక్కాయలు పీకడానికి వెళ్తూ, సంచిని ఆయన ఇంట్లో ఇచ్చి రమ్మంది. ఇచ్చి సగం దూరం వచ్చాక చెప్పులు అక్కడే మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాను.

వసారాలో ఆయన ఒక్కడే ఉన్నాడు. మా సంచిలోని కొత్త బియ్యం తన డ్రమ్ములోకి కుమ్మరించి, గోతంలోంచి స్టోరు బియ్యం చేటతో సంచిలోకి పోస్తున్నాడు. నన్ను చూశాడు. చెయ్యి ఆగలేదు.

"చెప్పులకు వచ్చినావా పాపా? తీసుకో. రేపు పది ఆజ్ఞలు ఒప్పజెప్పేది ఉండాది గదా, బాగా నేర్సుకో. బహుమతి నీకే ఇస్తా."

ఇచ్చాడు కూడా. రెండు ఆజ్ఞలు తారుమారు చేసినా నాకే మొదటి బహుమతి... మెరిసే స్టీలు టిఫిన్ డబ్బా. దొంగతనం వద్దు, అబద్ధం వద్దు, పక్కవాడి సొత్తు మీద ఆశ వద్దు అని చిలకలా చెప్పినందుకు!

ఆ రోజు చిత్తూరు నుంచి వచ్చిన పాస్టరుగారు ప్రార్థన చేద్దామని అమ్మ సంచిలో చెయ్యి పెట్టి, "ఇది స్టోరు బియ్యం గదప్పా" అన్నారు.

సంఘపెద్ద సంచి తిప్పి పేరు చదివాడు. "సుగుణమ్మా, కొత్త బియ్యం ఇంట్లో పెట్టుకోని దేవునికి పురుగుల బియ్యమా? సిగ్గు లేదా?"

అమ్మ లేచి నిలబడింది. "నేను ఏసింది కొత్త బియ్యమే అయ్యా."

"సూసినారా? దేవుని ఇంట్లో నిలబడి అబద్ధం" అంటూ ఆ పడి చచ్చిన ఆడదాని కథ మళ్ళీ అందుకున్నాడు. అమ్మ అలాగే నిలబడి విన్నది. నేను ఒడిలో డబ్బా పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా అమ్మ ఊళ్ళో వాళ్ళకు "స్టోరుబియ్యం సుగుణమ్మ". అయినా ఆ కుండ మారలేదు, ఆ పిడికెడు మానలేదు.

ఆ మహానుభావుడు ఇంకా బతికే ఉన్నాడు. పొద్దున్నే ఊరి వాట్సాప్ గ్రూపులో నీతి వాక్యాలు పంపుతాడు. నిన్నటిది అత్యాశ గురించి... కింద వరసగా ఆమెన్‌లు. పైన పటారం, లోన లొటారం. చదివి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళకు అమ్మ ముందు కూర్చుని అంతా చెప్పేశాను.

"తెలుసు పాపా" అంది. "ఆ డబ్బా ఒక్కనాడన్నా నువ్వు బడికి ఎత్తుకోని పోలేదు గదా. అప్పుడే తెలిసింది."

"మరి నన్ను ఎందుకు అడగలేదు మా?"

"సిన్నబిడ్డవి. నీ అంతట నువ్వే చెప్తావులే అని సూసినా."

ఎన్నేళ్ళు చూసిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మా ఊళ్ళో గోడకు గుడ్డసంచులు లేవు. చర్చి వాకిట్లో స్కానర్ అట్ట వేలాడుతోంది... ఫోను చూపిస్తే కానుక అయిపోయింది. ఆయన్ని అమ్మ ఎప్పుడో క్షమించిందట. నేను క్షమించను. ఆయన్నీ, ఆ డబ్బా పట్టుకుని కూర్చున్న పిల్లనీ.

చిన్నప్పుడు మీ అమ్మ మీద ఎవరైనా నింద వేస్తే, లేచి "అబద్ధం" అని అరిచినవాళ్ళు మీలో ఉన్నారా? ఉంటే కింద రాయండి... అలాంటి పిల్లలు కూడా ఉంటారని మా అమ్మకు చదివి వినిపిస్తాను.