నెల నాటి నిప్పట్లతో తార్నాకకు

కర్నూలు నుంచి కాచిగూడ పోయే పాసింజరు పొద్దున ఎనిమిదింటికని టైంటేబుల్లో ఉంది. నేను ఏడుంబావుకే స్టేషన్లో ఉన్నాను. టైము విషయంలో నాది కాస్త చాదస్తం. రిజిస్ట్రారు కచేరీ ముందు దస్తావేజులు రాసి బతికేవాడికి అది తప్పదు. పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం, కార్తీక మాసం. బండి ఎనిమిదీ ముప్పావుకు కదిలింది. ఈ దారిన వెళ్ళదలచినవారు ఇంట్లోనే కాఫీ తాగి నింపాదిగా రావచ్చు.

నా వెంట ఒక గుడ్డసంచీ, మూడు బిస్కెట్ డబ్బాలు. డబ్బాల నిండా నిప్పట్లు, అంటే కొందరు పప్పుచెక్కలనేవి. ఒక డబ్బాలోవి చేసి నెల, రెండోదాంట్లోవి పదిహేను రోజులు, మూడోదాంట్లోవి నిన్నటివి. ఏవి ఎప్పటివో తెలిసేటట్టు మా అక్క మూతల మీద సుద్దముక్కతో తిథులు రాసింది.

అక్క సంగతి చెప్పాలి. పదహారో ఏట భర్త పోయి మా ఇంటికొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా మాతోనే ఉంది. కిందటేడు హైదరాబాదు నుంచి యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసరు ఒకాయన రాళ్ళు చూపించడానికి విద్యార్థులను వెంటబెట్టుకొచ్చి మా పక్క సత్రంలో దిగాడు. వాళ్ళు పట్నంలో కొని తెచ్చుకున్న కారప్పూస, బూందీ లాంటి కారాలు పది రోజులకే పాత నూనె వాసన కొట్టాయి. తిన్నవాళ్ళు కడుపులు పట్టుకుని కూర్చున్నారు. అక్క జాలిపడి ఒక పళ్ళెం నిప్పట్లు పంపింది. ప్రొఫెసరు తిని, "ఇవి నెల నిలుస్తాయామ్మా?" అని అడిగాడు. నిలుస్తాయంది. "నెల నాటివి నాకు తెచ్చి చూపించండి. బాగుంటే మా క్యాంపులకు మీరే చేద్దురుగాని" అన్నాడు.

ఆయన మరిచిపోయి ఉంటాడని నేననుకున్నాను. అక్క మరిచిపోలేదు. ఒకరోజు పిండి జల్లిస్తూ, "నన్నెవురూ ఏమీ అనలేదు రా. అయినా నా రెక్కల మీద నేను బతకాలని ఉంది" అంది. ఆ రాత్రే ప్రొఫెసరుకు ఉత్తరం రాశాను. రమ్మని జవాబు వచ్చింది.

చేసేటప్పుడు ఆమె పద్ధతి ఆమెది. నూనె గానుగ దగ్గర ఆ పూటే ఆడించింది కావాలి. ఒకసారి కాగిన నూనెను మళ్ళీ పొయ్యెక్కించదు. నిప్పట్లు తీశాక ఉతికిన పంచె మీద పరిచి పొద్దుగూకేదాకా అట్లాగే ఉంచుతుంది. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమ్మ పట్టి నాలుగు రోజులకే మెత్తబడతాయట. నేను బయల్దేరేటప్పుడు వాకిట్లోకి వచ్చి, "మూత ఆయనే తీయాల. దారిలో ఎవురడిగినా తీయొద్దు" అని రెండుసార్లు చెప్పింది.

పదకొండున్నరకు గద్వాల. తలపాగా చుట్టిన ఒక ముసలి రైతు సీతాఫలాల గంపతో ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. బండి కృష్ణ వంతెన దాటేసరికి ఆయన చూపు నా డబ్బాల మీద పడింది.

"సారూ, గా డబ్బల్ల ఏమున్నది?"

"కాయితాలు" అన్నాను.

"కాయితాలను నూనెల ఏంచిన్రా?"

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా రెండు పళ్ళు ఏరి నా చేతిలో పెట్టాడు. ఎదుటివాడు పెట్టింది తిని, మన దగ్గరున్నది పెట్టకపోవటం మా వైపు చాలా చిన్నతనం. తిన్నంతసేపూ తలెత్తలేకపోయాను. మూత మాత్రం తీయలేదు.

మహబూబ్‌నగర్లో బండి అరగంట ఆగింది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర అక్కడే తిన్నాను. టీ కొనుక్కునేవారు స్టేషను బయటి కొట్టుకు వెళ్ళటం మంచిది, లోపల అమ్మేది వేణ్ణీళ్ళు. ఐదుంబావుకు కాచిగూడ చేరాం. నల్లకుంట మీదుగా తార్నాక పోయే బస్సెక్కాను. "డబ్బలకు టికెట్ లేదు గని, జర కాళ్ళ కింద వెట్టుకో సారూ" అన్నాడు కండక్టరు. నల్లకుంట బజారు దాటి యూనివర్సిటీ ఆవరణలోకి రాగానే గాలి మారింది. రెండు పక్కలా బండరాళ్ళు, పొదలు, మధ్యలో తారురోడ్డు, సైకిళ్ళ మీద విద్యార్థులు. ఆరున్నరకు తార్నాకలో దిగాను.

అక్కడ మా పెద్దనాన్న కొడుకు సుబ్బారాయుడన్న ఇల్లు. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. వదిన సరోజమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "ఎన్నాళ్ళకు వచ్చినావప్పా" అంటూ నా చేతిలోని డబ్బాలందుకుని లోపలికి తీసుకుపోయింది. పొద్దున అడిగి తీసుకోవచ్చులే అనుకున్నాను. స్నానం, భోజనం, ఊరి కబుర్లు అయ్యాక ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

ఏడు గంటలకు లేచేసరికి మూడు డబ్బాలూ నా సంచీ పక్కన మెరుస్తున్నాయి. మూతల మీద సుద్దరాతలు లేవు.

"తోమి పెట్టినాను" అంది వదిన. "ఖాళీగా పంపేది బాగుండదని ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో సజ్జలు పోసినా. చిన్నదాంట్లో మా రేషను చక్కెర. అక్కయ్యకు చెప్పు."

"నిప్పట్లేవి వదినా?"

"అన్నీ కలిపి మా పెద్ద డబ్బాలో పోసుకున్నా. పక్కింటికీ, మేడ మీదికీ పంపినా. ఒకటే మెచ్చుకున్నారు."

ఊరి నుంచి చుట్టం డబ్బాలతో వస్తే అవి తమకేనని ఎవరైనా అనుకుంటారు. నావి మీకు కావని చెప్పే నోరు నాకు లేదు. పైగా వాళ్ళ నెల చక్కెరంతా నా డబ్బాలో ఉంది. ఒళ్ళు మండిపోయింది, అదీ నామీద నాకే. దారిలో తినటానికని అబద్ధమాడి, మిగిలిన వాటిలోంచి ఒక పాతిక కాగితంలో కట్టించుకున్నాను. ఏది నెల నాటిదో, ఏది మొన్నటిదో దేవుడికే తెలియాలి.

తార్నాక నుంచి జియాలజీ డిపార్టుమెంటుకు నడక ఇరవై నిమిషాలు. పదిన్నరకు ప్రొఫెసరు గదిలో పొట్లం విప్పి జరిగిందంతా చెప్పాను. ఆయన నిప్పట్ల వైపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మల్లయ్యను పిలవమన్నాడు.

మల్లయ్య అక్కడి అటెండరు. ఉండేది మాణికేశ్వర్ నగర్లో. క్యాంపులకు వంటవాడు కూడా ఆయనే, కిందటేడు ఆ పాడు కారాలు తిని మూడు రోజులు మంచం పట్టింది కూడా ఆయనే. సంగతి విని బల్ల ముందు నిలబడి ఒక్కొక్క నిప్పట్టూ చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు, వాసన చూశాడు, కొరికాడు. బల్ల మీద మూడు కుప్పలు చేశాడు.

"సార్, గివి పాతవి. ఇరిస్తే సప్పుడు జర తక్కువున్నది. గని వాసన లేదు, చేదు లేదు. గివి కొత్తవి." మూడో కుప్పలో మూడే ఉన్నాయి. "గివి మెత్తవడ్డయి. గివీ కొత్తవే. తడి డబ్బల పోసిన్రా ఏంది?"

వదిన డబ్బా అప్పుడే కడిగిందై ఉంటుంది.

"నలభై దినాల క్యాంపుకు నడుస్తయా?" అని ప్రొఫెసరు అతని భాషలోనే అడిగాడు.

"మంచిగ నడుస్తయి. గని రైల్ల తెచ్చుడు, చుట్టాలింట్ల దించుడు వద్దు సార్. ఆ అమ్మనే గీడికి రమ్మనుండ్రి. మన మెస్సుల చేస్తది, నేను పిండి వట్టిస్త."

ప్రొఫెసరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మా ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. మా అమ్మ తోడుంటుంది. మా క్యాంపులు కాక మిగతా డిపార్టుమెంట్లవీ ఉంటాయి. ఏడాది పొడుగునా పని దొరుకుతుంది, ఇక్కడే ఉండిపోవచ్చు. వారంలోగా ఉత్తరం రాయండి" అని, నేను లేచాక మళ్ళీ అన్నాడు, "జవాబు ఆమె చెప్పాలి. మీరు కాదు."

మర్నాడు పొద్దున ఏడున్నరకు కాచిగూడలో బండెక్కాను. కిటికీ పక్క చోటు దొరికింది. ఎండు తిండి ఎన్నాళ్ళుంటుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు చెప్పగలను. మంచి నూనె, ఆరబెట్టే ఓపిక ఉంటే నెల పైన. చుట్టాలింట్లో అయితే ఒక్క రాత్రి.

షాద్‌నగర్ దాటేవరకూ సంతోషంగానే ఉన్నాను. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. మా ఇంట్లో పొయ్యి వెలిగించేది అక్క. పిల్లలకు జడలు వేసేది, మా ఆవిడకు జ్వరమొస్తే పక్కన కూర్చునేది అక్క. ఆమె వెళ్ళిపోతే? నిలవలేదన్నారని ఒక్క మాటంటే చాలు, ఎవరూ వచ్చి కాదనరు. ఇంత సులువైన అబద్ధం నేను దస్తావేజుల్లో కూడా చూడలేదు. మహబూబ్‌నగర్ దాకా ఆ మాటను మనసులో పదిసార్లు అనుకుని చూశాను. ఆమె కోసం వెళ్ళినవాణ్ణి ఆమెనే మోసం చేయజూస్తున్నానని సిగ్గేసింది. గద్వాల వచ్చినా ఏం చెప్పాలో తేలలేదు.

నాలుగున్నరకు కర్నూలు, ఐదింటికి జట్కాలో ఇల్లు. అక్క పెరట్లో గిన్నెలు కడుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ ముఖం చూస్తూ అబద్ధం చెప్పటం నావల్ల కాలేదు.

"నిలిచినాయక్కా. నిన్నే రమ్మన్నారు. అక్కడే ఉండి చేయాలంట."

మా ఇంటిని వదులుకోవటానికి ఆమెకు కాస్త వ్యవధి పడుతుందనుకున్నాను. పిల్లలనో, మా ఆవిడనో అడుగుతుందనుకున్నాను. అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఎప్పుడు పోవాల?" అంది.