సగం నింపిన కాటుక బరిణె

మొన్న మా మనవరాలు కళ్ళకు పెట్టుకునే పెన్సిల్ కొనుక్కోవాలంటూ నన్ను కామారెడ్డి బజారుకు వెంట తీసుకుపోయింది. దుకాణంలో ఆ పిల్ల ఒక్కొక్కటే తీసి ముంజేతి మీద గీతలు గీసుకుంటూ, ఇది చెదురుతుంది, ఇది మండుతుంది, ఇది మరీ పల్చన అని ఎంతకీ తేల్చుకోకపోతే, నేను స్టూలు మీద కూర్చుని ఒకదాని మూత తీసి వాసన చూశాను. మైనం వాసన తప్ప మరేమీ లేదు. నాకు కాటుక అంటే ముందు ఆముదపు మసి వాసన, దాని వెనక గంధం, ఆ పైన వెన్న. ఆ మూడూ కలిసిన వాసన గుర్తున్నంత బాగా నాకు నా పెళ్ళి కూడా గుర్తులేదు.

నిజాం సర్కారు రోజులవి. మా ఇల్లు కామారెడ్డి గంజుకు, అంటే బెల్లం అంగడికి, వెనక సందులో ఉండేది. చలికాలం వచ్చిందంటే బెల్లం బండ్లు బారులు తీరి, ఎడ్ల మెడ గంటలు, ఈగల మోత, స్టేషన్లో రైలు కూత అన్నీ కలగలిసి, మా గుమ్మంలో నిలబడి గాలి పీల్చినా నోట్లో తీపి తగిలేది. అమ్మ కాటుక పట్టేది సాయంత్రం పూట, గాలి సద్దు చేయని మూలగదిలో. గుంటగలగర ఆకు రసంలో నాన్చి నీడన ఆరబెట్టిన పాత మెత్తని గుడ్డను వత్తిగా చేసి, ఆముదం ప్రమిదలో వేసి వెలిగించి, రెండు ఇటుకల మీద గంధం పూసిన రాగి పళ్ళెం బోర్లించి, ఆ గది తలుపు దగ్గరికి వేసేది. తెల్లారి పళ్ళెం తిప్పితే దానికి నల్లని మఖమల్ లాంటి మసి పట్టి ఉండేది. అమ్మ దాన్ని వేలితో మెల్లగా దింపి ఆవు వెన్నలో రంగరించేది. వేలికి మిగిలింది నా పాదానికి, పక్కింటి దూడ నుదుటికి.

అమ్మది పెద్ద చెయ్యి. ఎవరికి ఏం కొలిచినా శేరు మీద ఇంకో గుప్పెడు పడేది. అట్లాంటి మనిషి, పెళ్ళై ఎల్లారెడ్డికి పోతున్న మా అక్క ఇత్తడి బరిణెలో కాటుక సగానికే పెట్టి మూత వేస్తే నాకు అమ్మ మీద చెడ్డ కోపం వచ్చింది.

“నిండ వెట్టరాదె అమ్మా?” అన్నాను.

“నిండ వెడ్తె మీ అక్క మల్ల ఎప్పుడొస్తది బిడ్డా?” అంది అమ్మ.

మా ఇండ్లల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఆడపిల్ల కంటికి పుట్టింటి కాటుకే పెట్టాలి. అది అయిపోతే తానే వచ్చి నింపుకుపోవాలి తప్ప ఇంకొకరి చేత తెప్పించుకోకూడదు. బతుకమ్మ పండుగకు ఎట్లాగూ పుట్టింటికి తోలుతారు. ఆ పండుగకు ఈ పండుగకు నడుమ ఏడాది పొడుగునా పిల్ల మొహం చూడాలంటే తల్లికి ఉన్న ఉపాయం ఆ ఖాళీ బరిణె ఒక్కటే.

ఆ ఏడు బతుకమ్మకు వచ్చిన అక్క, ఆఖరి రోజు సద్దుల నాడు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచి, తంగేడు పూలు నీళ్ళల్లో వదిలి, తిరిగి పోయేటప్పుడు నన్ను తోడుగా పంపారు. బడి గొడవ లేని ఆడపిల్లను కదా. కప్పు బండిలో గడ్డి పరుపు మీద పడుకుని, టేకు అడవి నీడలు మా మీది నుంచి పోతుంటే అక్క ఒడిలో తలపెట్టుకుని ఎల్లారెడ్డి చేరాను. అక్కడ అక్కను ఎవరూ తిట్టరు, కొట్టరు, కడుపునిండా పెడతారు. అయినా పొద్దుగూకే వేళ బండ్ల చప్పుడు వినబడితే చాలు, అక్క చేతిలో పని చేతిలోనే ఉండేది.

అక్క కాటుక వాడిన తీరు తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. తన కళ్ళకు గోరంత, వాడకట్టు పిల్లలకు కొండంత. చంటిపిల్లల బుగ్గకు చుక్క, అరికాలికి చుక్క, బర్రెదూడకు చుక్క, చివరికి గుమ్మడికాయకు కూడా దిష్టి చుక్క. మోదుగులు పూసేసరికి బరిణె అడుగు మెరిసింది. అక్క దాన్ని తీసుకుపోయి అత్త ముందు పెట్టింది.

అక్క అత్త రాజవ్వ మాట తక్కువ మనిషి. బరిణె చూసి దాని మూత వేసింది. మర్నాడు అత్తరు అమ్ముకునే సాయెబు వస్తే సుర్మా బుడ్డి ఒకటి కొని అక్క చేతిలో పెట్టింది.

“గిది వెట్టుకో. ఏడాది వస్తది. కాటుకకని ఊకె బండి కట్టుడెందుకు?”

సాయెబు సరుకు మేలైనదే. వాళ్ళ పిల్లల కళ్ళల్లో ఆ సుర్మా ఎంత ముచ్చటగా ఉండేదో. కానీ ఆ మాటతో మళ్ళీ బతుకమ్మ దాకా అక్కకు ఇల్లు లేనట్టే. అక్క పుల్లతో సుర్మా దిద్దుకుంది, కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు సుర్మాదో ఏడుపుదో నాకు తెలియలేదు. సుర్మా పెట్టుకోకుండానే నా కళ్ళూ ఎర్రబడ్డాయి.

“నాకు పడ్తలేదు అత్తమ్మా,” అంది అక్క మూడో పూటకు.

“మా అమ్మ పోయినకాడి నుంచి నేను గిదే వెడ్తున్న. నాకు పడ్డది నీకెందుకు పడది?” అంది రాజవ్వ.

అని, ఆ మాట తనకే ఎక్కడో తగిలినట్టు, చేటలో బియ్యం అట్లాగే వదిలి లేచింది. తెల్లారకముందే బండి కట్టించింది. అక్కను, నన్ను ఎక్కించి తానూ ఎక్కింది. మీ అమ్మ పట్టే కాటుక ఏందో చూస్తా అన్నది. అక్క దారి పొడుగునా ఖాళీ బరిణె మూత తీస్తూ, పెడుతూ వచ్చింది.

వియ్యపురాలిని చూసి అమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది గానీ మనసంతా బరిణె మీదే. సగం బరిణె సంగతి బయటపడితే ఇక పిల్లను తోలుతారా? ఆ సాయంత్రం అమ్మ కాటుక పడుతుంటే రాజవ్వ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, వత్తి నుంచి పళ్ళెం దాకా అన్నీ చూసింది. పొద్దున అక్క బరిణెలో అమ్మ అలవాటు కొద్దీ సగమే పెట్టింది. అప్పుడు రాజవ్వ బొడ్డు సంచిలో నుంచి ఇంకో బరిణె తీసింది. పాతది, చింతపండుతో తళతళా తోమినది.

“వదినె, దీంట్ల గూడ గింత వెట్టుండ్రి. మా అమ్మ పోయినంక ఇది నిండలె.”

అమ్మ దాంట్లోనూ సగం పెట్టి మూత వేసి చేతిలో పెట్టింది. రాజవ్వ మూత తీసి చూసింది.

“సగమే వెట్టిన్రేంది వదినె?”

“అయిపోంగనే రాండ్రి,” అంది అమ్మ.

రాజవ్వ కొంగు కళ్ళకు అద్దుకుంది. ఆ తర్వాత ఎల్లారెడ్డి నుంచి బండి వస్తే అందులో నుంచి మా ఇంటి ఆడబిడ్డలు ఇద్దరు దిగేవారు. దిగీదిగగానే అక్కకన్నా ముందు రాజవ్వే అమ్మకు బరిణె చూపించేది.

ఇప్పుడు అమ్మ లేదు, రాజవ్వ లేదు, మా అక్కా లేదు. కప్పు బండి లేదు, గుంటగలగర ఆకును చూస్తే గుర్తుపట్టే వాళ్ళు మా ఇంట్లో నేను తప్ప లేరు. ఎల్లారెడ్డికి బస్సెక్కితే కునుకు తీసేలోపే ఊరొస్తుంది, దిగి పోదామంటే నాకు అక్కడ ఇల్లు లేదు. పుట్టింటి గది తలుపు తోసి ఆ మసి వాసన ఒక్కసారి పీల్చాలని నాకు ఈ వయసులో కూడా ప్రాణం కొట్టుకుంటుంది.

మనవరాలు చివరికి ఒక పెన్సిల్ ఎంచుకుంది. ఎల్లుండి ఆ పిల్ల అత్తారింటికి కాపురానికి పోతుంది, దూరదేశం కాదు, పట్నమే. నా మొహం ముందు ఆ పెన్సిల్ ఆడించి సంబరంగా అంది:

“ఇదొక్కటి కొంటే ఏడాది వస్తది అమ్మమ్మా.”

నేను దాన్ని చేతిలోకి తీసుకుని, మూత పెట్టి, దుకాణం పిల్లను అడిగాను, ఇందులో చిన్నది లేదా అని.