ఫోటోల్లో లేని అమ్మ

నా పెళ్ళి దొంగపెళ్ళని ఒక వీసా ఆఫీసరు తేల్చాడు. కెనడాలోని కిచెనర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నా దగ్గరికి రావడానికి మా ఆయన వర్క్ పర్మిట్‌కి అప్లై చేస్తే తిరగ్గొట్టారు. చూపించిన కారణాల్లో ఒకటి ఇప్పటికీ గొంతులో ముల్లులా ఉంది. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదానిలోనూ పెళ్ళికూతురి తల్లి కనబడలేదట.

ఎలా కనబడుతుంది? నాన్న పోయిన ఏడాదిలోపే పెళ్ళి చేస్తే కన్యాదాన ఫలం ఆయనకు దక్కుతుందని పెద్దలు తొందరపెట్టారు. మా ఇంటి హాల్లోనే, మేళం కూడా లేకుండా కానిచ్చారు. నాన్న స్థానంలో బాబాయి, ఆయన పక్కన పిన్ని పీటల మీద కూర్చున్నారు. అమ్మ వంటింటి తలుపు వెనకే ఉండిపోయింది. తాళి కట్టేటప్పుడైనా రమ్మని నేను పీటల మీద నుంచే కేకేస్తే, "నా ఎదురు మంచిది కాదే, నువ్వు చల్లగా ఉండాలి" అంటూ ఇంకా లోపలికి జరిగింది. ఒక్కరూ బతిమాలలేదు. అలా ఉండటమే పద్ధతి అనుకున్నారు.

ఒళ్ళు మండి ఫెడరల్ కోర్టుకెక్కాను. మా లాయరు ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లావిడ. కూతురి పెళ్ళికి తల్లి రాకపోవడమేమిటని మళ్ళీ మళ్ళీ అడిగింది. రాకపోవడం కాదు, ఆ ఇంట్లోనే ఉందని చెప్పాను. భర్త పోయినవాళ్ళు శుభకార్యంలో ముందుకు రారని ఇంగ్లీషులో వివరిస్తుంటే, తెలుగులో ఎన్నడూ వేయనంత సిగ్గేసింది. అనుమానం వస్తే ఆఫీసరు ముందు మమ్మల్ని ఒక మాట అడగాల్సిందని, కేసు బలంగా ఉందని ఆవిడ అంది. గెలిచినంత మాత్రాన కోర్టు పర్మిట్ ఇవ్వదు, ఇంకో ఆఫీసరు మొదటినుంచీ చూస్తాడంతే.

ఆ మాట మా ఆయనకు ఫోన్లో చెప్పాను. పెళ్ళయ్యాక కొన్ని వారాలే కలిసున్నాం, ఆ తర్వాత కాపురమంతా ఫోన్లోనే.

"అంటే గెలిచినా మళ్ళీ మొదటికేనా?" అన్నాడు. తర్వాత, "మీ అమ్మగారు ఒక్క ఫోటోలో నిలబడుంటే ఈ గోలంతా ఉండేది కాదు."

ఆడలేక మద్దెల ఓడన్నాడట!

"ఆరోజు మీ అమ్మ ఒక్క మాట రమ్మనుంటే మా అమ్మ వచ్చేది కదా!" అని అరిచాను.

"నాకిక రావాలని లేదు. కేసు గెలిచినా రాను" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండునని ఎంత వెతుక్కున్నానో. అలసట తప్ప ఏమీ లేదు.

కేసు వెనక్కి తీసుకోవడానికి కోర్టుకు కారణం చెప్పక్కర్లేదట. "గెలిచే కేసు, ఇంకోసారి ఆలోచించుకో" అంది లాయరు. సంతకం పెట్టేశాను. ఆ ఆఫీసరు రాసిన రోజున మాది నిజమైన పెళ్ళే. నేను సంతకం పెట్టిన రోజుకి కాదు.

బయట మంచు కరిగి బురదైంది. కారులో కూర్చుని అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నేను ఎదురు రాలేదు కదే," అంది. "తలుపు వెనకే ఉన్నాను కదే. మరెందుకిలా అయింది?"