ఎండిన బోరులోకి వేసిన గొట్టం

బత్తలపల్లెలో ఇల్లు కట్టుకుంటున్నప్పుడు, సెప్టిక్ ట్యాంకు పని ఎవరికి ఇవ్వాలో నేనే తేలుస్తానని ఇంట్లో గట్టిగా చెప్పాను. నేను దర్జీని. పదో తరగతి తప్పాక మళ్లీ బడి వైపు పోలేదు గానీ, సాయంత్రం కొట్టు మూసి లైబ్రరీకి పోవడం ఇన్నేళ్లలో మానలేదు. ట్యాంకు గురించి కూడా అక్కడే చదివాను. మడ్డి అడుగున పేరుకుంటుందనీ, పైకి తేరిన నీళ్లను భూమిలోకి ఇంకించడానికి విడిగా ఇంకుడు గుంత ఉండాలనీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. పనివాళ్లను అడగడానికి పద్నాలుగు ప్రశ్నలు తయారుచేశాను. లెట్రిన్ గుంతను ఇంత పద్ధతిగా తవ్వించేవాడు ఈ ఊళ్లో ఇంకొకడు ఉండడని లోపల్లోపల మురిసిపోయాను.

మొదట వచ్చింది ఒక ముసలి మేస్త్రీ. మసీదు వీధిలో ఉంటాడు. ఊరందరికీ మామ. నా ప్రశ్నలు రెండు విని చేయి ఊపాడు.

"అదంతా తరవాత గానీ, పక్కింటోళ్ల బోరు యాడుండాది?"

గోడవతల ఉన్న బోరు చూపించాను. మా వీధిలో తాగే నీళ్లు పడిన బోరు అదొక్కటే. ఆ ఇంటి అక్క రోజూ పొద్దున మోటారు వేసి, పైపు వీధిలోకి వదిలి, అందరినీ బిందెలు పట్టుకోమంటుంది. మా గోడలు తడిపింది కూడా ఆ నీళ్లతోనే.

మామ మోకాటి లోతు గుంత తవ్వి, బకెట్ నీళ్లు పోసి, పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. రెండు బీడీలు అయిపోయినా నీళ్లు సగమే దిగాయి. "కింద బండుండాది. ఆ బోరుకు దూరంగా, ఆ మూలన పెద్ద గుంత తవ్వల్ల" అన్నాడు. నేల ఎంత వేగంగా నీళ్లు తాగుతుందో చూసే ఆ పరీక్ష నేను చదివిన పుస్తకంలోనూ ఉంది. బీడీలతో లెక్కపెడుతున్న మనిషి చేస్తున్నది అదేనని నాకు ఆ రోజు తట్టలేదు.

రెండో ఆయన మోటారుసైకిలు మీద వచ్చి రంగుల డ్రాయింగు పరిచాడు. పద్నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పాడు. మధ్యలో ఆగి, "సార్, ఇంజనీరింగు యాడ చదివినారు?" అన్నాడు.

నన్ను ఆ మాట అంతకుముందు ఎవరూ అడగలేదు. పని ఆయనకే ఇచ్చాను. ఆయన కట్టిన ట్యాంకు ఒక్కటి చూపించమనాలని గానీ, అది కట్టించుకున్నవాళ్లతో మాట్లాడాలని గానీ నాకు తోచలేదు.

మా స్థలంలో ఒక ఎండిన బోరు ఉంది. ఎంత లోతుకు దించినా తెల్ల దుమ్మే వచ్చిందని, రాయి కప్పి వదిలేశాం. "ఇంకుడు గుంత ఏంటికి సార్? బోరు రెడీగా ఉండాది. ట్యాంకు గొట్టం దాంట్లోకి వేస్తే జన్మలో నిండదు" అన్నాడాయన. నేను వద్దనలేదు సరికదా, ఎండిన బోర్లలోకి వాన నీళ్లు పంపితే భూగర్భజలం పెరుగుతుందని చదివింది గుర్తుకొచ్చి, ఆయనకే ఎదురు పాఠం చెప్పాను. 

ఈ సంగతి విని మామ మళ్లీ వచ్చాడు.

"ఏమప్పా, వాన నీళ్లూ ఈ నీళ్లూ ఒకటేనా? నీ బోరూ ఆ యమ్మ బోరూ కింద ఒకే బండల్లో ఉండాయి. నువ్వు ఈడ వదిలేది ఆడికి పోదని ఎవడు చెప్పినాడు?"

"ఇవన్నీ చదివినోళ్లకు తెలుస్తాయి మామా" అన్నాను. పనివాళ్లందరూ వింటుండగా అన్నాను. ఆయన తలపాగా విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

మేం ఇంట్లో చేరిన మరుసటి ఏడాది వానలు బాగా పడ్డాయి. ఒక పొద్దున పక్కింటి అక్క చెంబు పట్టుకుని మా గడపలోకి వచ్చింది.

"నీళ్లు ఎట్లనో ఉండాయప్పా. పుస్తకాలు చదివేటోడివి, నువ్వు చూసి చెప్పు."

వాసన చూశాను. చూడగానే తెలిసిపోయింది.

"వానలకు నీళ్లలో ఇనుము ఎక్కువైంటాది అక్కా. కాంచి చల్లార్చుకుని తాగండి" అన్నాను.

ఆమె నమ్మింది. నా పేరు చెప్పి వీధినంతా నమ్మించింది. నేను మాత్రం ఆ సాయంత్రం నుంచే మా ఇంటికి క్యాన్ నీళ్లు తెప్పించాను. తొమ్మిది రోజులు అలా గడిచాయి. పదో రోజు నా భార్య క్యాన్ వంచుతూ, తల తిప్పకుండానే అడిగింది: "వాళ్ల నీళ్లలో ఇనుమైతే మనకు క్యాన్ ఏంటికి?"

మామ దగ్గరికి పరిగెత్తాను. గొట్టం తీసేసి, బోరు మూసి, దూరంగా గుంత తవ్విపెట్టమని బతిమాలాను. ఆయన నన్ను దెప్పలేదు. "ఆ యమ్మకు చెప్పినావా?" అన్నాడు. లేదన్నాను. "చెప్పిరా పో. చెప్పకుంటే నేను గడ్డపార పట్టను. నీళ్లు తాగేది వాళ్లు."

మర్నాడు పొద్దున వెళ్లేసరికి పైపు దగ్గర ఏడెనిమిది మంది బిందెలతో ఉన్నారు. అక్కను పక్కకు పిలిచి చెప్పాను. సగం వినేసరికే ఆమె ముఖం గట్టిపడింది.

"నా చెవిలో చెప్తే యాడ సరిపోతాది? అందరికీ చెప్పు."

చెప్పబోతే ముందు పుస్తకం మాటలే వచ్చాయి. భూగర్భజలం, కలుషితం, బండల్లో పగుళ్లు. "మాకు అర్థమయ్యేట్టు చెప్పప్పా" అంది వరుసలో ఒకామె.

"మా ఇంటి లెట్రిన్ నీళ్లు మీ బోరులోకి వస్తాండాయి" అన్నాను. "పది దినాల నుంచి నాకు తెలుసు."

"ఇనుమంటివి కదప్పా" అంది చివరన నిలబడిన ముసలామె. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగింది. ఆమె నిండిన బిందెను రెండు చేతులతో ఎత్తి, నా కాళ్ల మీద పడకుండా జాగ్రత్తగా పక్కకు జరిగి, కాలువలోకి వంచింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ వంచారు. అక్క లోపలికి వెళ్లి మోటారు ఆపింది.