ఇడ్లీ కోసం తీసుకున్న నల్ల కార్డు

నవ్వనని మాటిస్తేనే చెప్తా అందామనుకున్నా గానీ, మీరు మాటిచ్చినా నిలబడరు. మా చిత్తూరులో ఎవరూ నిలబడలేదు. పరుపు కొనేదానికి మా అంగడికి వచ్చినోళ్లు కూడా ముందు ఈ సంగతి అడిగి, కడుపు పట్టుకోని నవ్వి, ఆ తర్వాతనే ధర అడుగుతారు. కొందరు నవ్వీ నవ్వీ ధర అడగడం మరిచిపోయి ఇంటికి పోతారు. కాబట్టి మీరూ కానీండి. ఊరికే వచ్చే ఇడ్లీ కోసం ఒక మనిషి ఎంత దూరం పోగలడో, ఎంత దూరం పోయి కూడా తినకుండా రాగలడో చెప్తా వినండి.

నా పేరు మస్తాన్. మాది దూది ఏకి పరుపులు కుట్టే వంశం. మా నాయన చేతి విల్లుతో ఏకినాడు. నా కాలానికి చిన్న మిషన్ వచ్చింది. అది ముసలిదైపోయి, ఆన్ చేస్తే దూది ఏకడం మాని దగ్గడం మొదలుపెట్టింది. పెండ్లిండ్ల కాలం వచ్చేలోగా పెద్ద మిషన్ కొనకపోతే, ఆర్డర్లన్నీ పక్క వీధి స్పాంజి పరుపులోడి అంగడికి నడిచిపోయేటట్టుండాయి. అందుకని లోను కోసం బ్యాంకుకు పోయినాను.

మేనేజరు వసుంధర మేడం కంప్యూటర్ చూసింది, నన్ను చూసింది, మళ్లా కంప్యూటర్ చూసింది. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టే.

"మస్తాన్ గారూ, మీ క్రెడిట్ స్కోరు బాగా పడిపోయింది. ఏమన్నా బాకీ కట్టకుండా వదిలేసినారా?"

"నేనా? ఒకరి పైసా ఎగ్గొట్టే రకం కాదు మేడం మేము!"

"వాయిదాల మీద టీవీ ఒకటి కొన్నట్టుండారే?"

"ఓ, అదా! కొన్న మూడో నెలకే దాంట్లో బొమ్మ ఆగిపోయింది మేడం. బొమ్మ రాని టీవీకి దుడ్డెందుకని నేనే ఆపేసినాను."

"టీవీ ఇచ్చింది అంగడాయన. అప్పిచ్చింది ఫైనాన్సు వాళ్లు. మీకు బొమ్మ వచ్చిందా లేదా వాళ్లకెందుకండీ?"

నేను టీవీ అంగడోడికి బుద్ధి చెప్తా ఉండాననుకోని, ఇన్నాళ్లూ నా చెంప నేనే వాయించుకుంటా ఉండానని అప్పుడు తెలిసింది.

మేడం మంచిది. దారి కూడా చూపించింది. "ముందు ఆ బాకీ తీర్చేయండి. మా దగ్గర చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి, దాని మీద కార్డిస్తాం. ఫీజేమీ లేదు. నెల నెలా కరెంటు బిల్లు మాత్రం దాంతో కట్టి, గడువులోగా పూర్తిగా తీర్చేస్తా ఉండండి. ఏడాది తిరిగేసరికి స్కోరు కోలుకుంటుంది."

"అంటే నా దుడ్డు మీ దగ్గర పెట్టుకోని, నా దుడ్డే నాకు అప్పిస్తారా?"

"అంతే. డిపాజిట్‌కు వడ్డీ కూడా ఇస్తాం."

ఇదేదో పిల్లకాయల ఆట మాదిరిగా అనిపించింది నాకు. నవ్వి లేచి వచ్చేసినాను. చూడండి, అప్పుడు నవ్వింది నేను. ఆ తర్వాత నాకు ఆ అవకాశం రాలేదు.

వారం తిరగకముందే ఫోనొచ్చింది. తేనె పూసినట్టుండే గొంతు.

"సార్, మస్తాన్ గారేనా? మీలాంటి ప్రత్యేకమైన కస్టమర్ల కోసం మా దగ్గర ఒక కార్డుంది సార్."

"నా స్కోరు బాగలేదమ్మా," అన్నాను నిజాయితీగా.

"అందుకే కదా సార్ మీకు ఫోన్ చేసింది! ఈ కార్డు తీసుకుంటే స్కోరు లిఫ్టెక్కినట్టు పైకి పోతుంది."

"ఫీజెంతమ్మా?"

ఆ పిల్ల చెప్పింది. నేను సగం కుట్టిన పరుపు మీద కూలబడినాను. సూది కూడా దాంట్లోనే ఉండింది. ఎగిరి లేచినాను.

"ఫీజును ఫీజులా చూడకండి సార్, పెట్టుబడిలా చూడండి. విమానాశ్రయం లాంజ్‌లో మీ కుటుంబమంతా ఊరికే తినొచ్చు. ఇడ్లీ, వడ, పొంగల్, కాఫీ, ఎంతైనా!"

ఎంతైనా అనే మాట ఆ పిల్ల అనకుండా ఉంటే నా బతుకు వేరేగా ఉండేది.

ఆ రాత్రి గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తీసుకోని, పరుపు గుడ్డ మీదనే లెక్క వేసినాను. ఐదుగురం, మనిషికి ఇన్ని ఇడ్లీలు, ఇన్ని వడలు, ఏడాదికి ఇన్నిసార్లు. నేను వేసిన లెక్క ప్రకారం ఆ కార్డిచ్చేవాళ్లు మా వల్ల దివాలా తీసేటట్టుండారు. నా భార్య నూర్జహాన్ వచ్చి ఆ లెక్కను కింది నించి పైదాకా చదివింది.

"కార్డు స్కోరు పెంచుకునేదానికా, ఇడ్లీ తినేదానికా?"

"రెండిటికీ."

"మేడం చెప్పిన కార్డుకు ఫీజే లేదు గదా?"

"దానికి లాంజ్ లేదు."

"మన వంశంలో ఎవరన్నా విమానం ఎక్కినారా?"

"ఎక్కేదానికి గాదు నూర్జహాన్. తినేదానికి!"

ఆమె నా మొహం చూసి, సుద్ద తీసుకోని పోయి బీరువా మీద పెట్టింది.

కార్డొచ్చింది. నల్లగా, బరువుగా, జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకు ఒంగేటట్టు. వీధిలో అందరికీ చూపించినాను గానీ, అరిగిపోతుందని వాడలేదు. బిల్లొచ్చిందని ఫోన్లో మెసేజ్ వస్తే, వాడని కార్డుకు బిల్లేందని నవ్వి తీసేసినాను. ఆ ఫీజే మొదటి బిల్లని, అది లిమిట్‌లో సగాన్ని ముందే మింగేసిందని, గడువు దాటితే జరిమానా అని తెలిసేసరికి గడువు దాటింది. అంతా కట్టేసి స్కోరు చూసుకుంటే ముందున్న దానికంటే కిందికి పోయుండాది. లిఫ్టు కిందికి కూడా పోతుందని ఆ పిల్ల చెప్పలేదు. నేను అడగలేదు.

బుద్ధున్నోడు ఆడ ఆగుతాడు. నేను, కట్టింది ఇడ్లీల్లో అయినా రాబట్టుకోవాలని పంతం పట్టినాను.

ఆదివారం తెల్లారే నూర్జహాన్, మా అత్త, మా ఇద్దరు కూతుర్లు, నేను పండగ గుడ్డలు కట్టుకోని బస్సెక్కినాము. ఎవర్నీ నీళ్లు తప్ప ఏమీ ముట్టనీలేదు. పాకాలలో బస్సు ఆగితే చిన్నబిడ్డ వేడి వడలు చూసి, "నాయనా..." అనింది.

"ఓర్చుకో తల్లీ. కడుపులో చోటు పాడు చేసుకోవద్దు."

మా అత్త ఒళ్లో ఒక క్యారియర్ ఉండింది. "ఏందత్తా అది?" అంటే, "చిత్రాన్నం. ఎందుకన్నా మంచిదని," అనింది. నా మీద నమ్మకం అంత.

తిరుపతిలో దిగి, ఆటో మాట్లాడుకోని రేణిగుంట విమానాశ్రయానికి పోయినాము. గేటు కాడ తుపాకి పట్టుకున్న గార్డు చెయ్యి అడ్డం పెట్టినాడు.

"టికెట్?"

నేను నల్ల కార్డు తీసి, ఎండ పడేటట్టు పట్టుకున్నాను. "కార్డుండాదప్పా."

"కార్డు సరే. టికెట్ చూపించండి. యాడికి పోతా ఉండారు?"

"యాడికీ పోము. టిఫిన్ తిని ఇంటికి పోతాము."

ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినే చూసినాడు, క్యారియర్‌తో సహా. "టికెట్ లేకుండా లోపలికి పంపరన్నా. టిఫిన్‌కు తిరుపతిలో బోలెడన్ని హోటళ్లుండాయి."

నూర్జహాన్ నా చెయ్యి పట్టుకోని లాగింది. "పా, ఇంటికి పోదాం."

నేను వింటేనా? పక్కనే టికెట్ల కౌంటర్ కనిపించింది. అన్నిటికంటే చౌకైంది హైదరాబాదుకు ఒకటుండాది. నా కార్డు లిమిట్ మొత్తం గీకి, తక్కువైంది జేబులో నించి వేస్తే ఒక్క టికెట్టే వచ్చింది.

"నేను లోపలికి పోయి, మీకందరికీ పొట్లాలు కట్టించుకోని వచ్చేస్తా. విమానం ఎక్కను," అన్నాను.

"వడలు మరిచిపోవద్దు నాయనా," అనింది చిన్నబిడ్డ. మా అత్త మాత్రం నీడ చూసుకోని క్యారియర్ మూత తీసింది.

తనిఖీలన్నీ దాటుకోని లాంజ్ కాడికి పోయినాను. లోపల నించి సాంబారు వాసన వచ్చి నన్ను మెడ మీద చెయ్యేసి పిలిచింది. బల్ల కాడున్న అమ్మాయి నవ్వి, కార్డు తీసుకోని మిషన్‌లో పెట్టింది. మళ్లా పెట్టింది. తుడిచి పెట్టింది.

"సార్, కార్డు పనిచేయడం లేదు."

"ఊరికే గదమ్మా?"

"ఊరికే సార్. కార్డు మీదేనని తెలిసేదానికి రెండు రూపాయలు గీకుతాం. మీ కార్డులో రెండు రూపాయలు లేవు."

జేబులో నించి రెండు రూపాయల బిళ్ల తీసి బల్ల మీద పెట్టినాను. "తీసుకో తల్లీ."

"చిల్లర తీసుకోము సార్. కార్డే గీకాల."

అంత ఫీజు కట్టినోన్ని, రెండు రూపాయల కాడ నిలబడిపోయినాను. అద్దం వెనక ఒకాయన నన్నే చూస్తా పొంగల్ తింటా ఉండినాడు. సరే, బయటికి పోదామని తిరిగితే ఇంకొక గార్డు ఆపినాడు. "ఇట్లా బయటికి పంపరు. విమానం వాళ్లెవరైనా వచ్చి తోడుకోని పోవాల." ఆ విమానం వాళ్ల కోసం ఎదురుచూస్తా ఉండంగానే మైకులో నా పేరు! ఇంటి పేరుతో సహా, గారు అని తగిలించి, వెంటనే విమానం దగ్గరికి రావాలని పిలిచినారు. నా జన్మలో అంత మర్యాదగా నన్నెవరూ పిలవలేదు. పైగా ఎక్కకపోతే టికెట్ దుడ్డు తిరిగి రాదంట. కట్టినాము గదా, వదిలేదెట్లా?

ఎక్కినాను.

సీట్లో కూచోని నూర్జహాన్‌కు ఫోన్ చేసినాను. "పొట్లాలు కట్టించినావా?" అనింది.

"నేను హైదరాబాదు పోతా ఉండా."

ఆ మాట మా అత్తకు చెప్పింది. తర్వాత నిదానంగా, "వచ్చేటప్పుడు బస్సుకో రైలుకో రా," అని పెట్టేసింది.

ఆకలి కడుపుతో దిగి, స్టేషన్‌లో అరటిపండ్లు తిని, జనరల్ బోగీలో నిలబడి, మరుసటి రోజు చిత్తూరు చేరినాను. ఇంటి ముందర ముగ్గురు మనుషులు కూచోనుండారు. నన్ను చూసి లేచి నిలబడినారు.

"ఎవరు నూర్జహాన్ వీళ్లు?"

"నువ్వు యాడికి పోయినావని వీధిలో అడిగితే, విమానంలో హైదరాబాదు పోయినాడని చెప్పినా. నీ దగ్గర దుడ్డు బాగా ఉండాదని అప్పడిగేదానికి వచ్చినారు."

బ్యాంకులో పాతాళానికి పోయిన నా స్కోరు మా వీధిలో ఆకాశానికెక్కింది.

ఆ వారమే టికెట్ బిల్లు కట్టి నల్ల కార్డు రద్దు చేయించి, టీవీ బాకీ తీర్చి, వసుంధర మేడం ముందర తల దించుకోని కూచున్నాను. డిపాజిట్ వేసినాను. ఫీజు లేని ఆ సాదా కార్డుతో నెల నెలా కరెంటు బిల్లు కట్టినాను, అంతకుమించి ఒక్క అగ్గిపెట్టె కూడా కొనలేదు. ఆ ఏడాది పెండ్లి ఆర్డర్లు స్పాంజి పరుపులోడికే పోయినాయి. ఆ మరుసటేడు లోను వచ్చింది, మిషన్ వచ్చింది, ఆర్డర్లు తిరిగొచ్చినాయి.

కాబట్టి, ఈ జిల్లాలోని సమస్త పరుపుల సాక్షిగా ప్రమాణం చేస్తా ఉండా. ఇక ఆకలైతే అన్నం తింటాను. హైదరాబాదులో పనుంటే హైదరాబాదు పోతాను. ప్రాణం పోయినా సరే, ఈ రెండు పనుల్నీ ఒక్క కార్డు మీద చెయ్యను.