ఆరుబయట వదిలిన బిడ్డల ఇంటిపేరు

2009లో మేము న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నా భర్త ప్రాజెక్ట్ ఒహాయోలో. సోమవారం వేకువనే వెళ్లి శుక్రవారం సాయంత్రానికి వచ్చేవాడు, కొన్ని వారాలు అదీ లేదు. నా వీసాకి ఉద్యోగం చేసే వీలు లేదు. డ్రైవింగ్ అప్పుడప్పుడే నేర్చుకున్నాను.

ఎదురు ఫ్లాట్‌లో ఎనభై దాటిన ఇటాలియన్ ఆవిడ ఒక్కతే ఉండేది. మెట్ల మీద మంచు గడ్డకట్టిన రోజున ఆవిడ సరుకుల సంచులు నేను పైకి తెచ్చిపెట్టాను. కాఫీ తాగి వెళ్లమంది. మాటల్లో, మా వైపు మనిషి పరిచయం కాగానే ఇంటిపేరు అడుగుతామనీ, మాది మా పూర్వీకుల ఊరి పేరనీ చెప్పాను. తలుపు మీద ఎస్పొసితో అని ఉంది కదా, అదీ ఊరి పేరేనా అని అడిగాను.

ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఊరు కాదు. బయట వదిలేసిన బిడ్డ అని అర్థం."

పూర్వం నేపుల్స్‌లో సాకలేని తల్లులు పసికందును అనాథాశ్రమం గోడలో అమర్చిన, గుండ్రంగా తిరిగే తొట్టిలో పడుకోబెట్టి, దాన్ని లోపలివైపు తిప్పి వెళ్లిపోయేవారట. లోపలున్న నన్స్ బిడ్డను ఎత్తుకునేవారు. కన్నవాళ్లెవరో తెలియదు కాబట్టి చాలామందికి ఆ ఒక్క ఇంటిపేరే పెట్టేవారట. ఇప్పుడు ఆ ఊళ్లో ఎటు చూసినా ఆ పేరువాళ్లే. న్యూజెర్సీలోనూ కొదవ లేదంది.

"ఇంతమందిమి ఉన్నాం. ఎవరికి ఎవరం ఏమీ కాము."

మాలో ఒకే ఇంటిపేరు వాళ్లంటే అన్నదమ్ముల వరస అవుతుందని, వాళ్ల మధ్య పెళ్లిళ్లు కూడా జరగవని చెప్పాను. ఆవిడ ఆ వరసల గురించి మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.

మార్చిలో ఆవిడను కంటి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నర్సు వచ్చి ఎస్పొసితో అని పిలిస్తే ఇద్దరు లేచారు, ఈవిడా, చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయనా. ఇద్దరూ నవ్వుకుని పక్కపక్కన కూర్చున్నారు. మీ తాత ఏ ఊరివాడని ఈవిడ ఆత్రంగా అడిగింది. వాళ్లది సిసిలీ అట. ఈవిడ వాళ్లు నేపుల్స్. ఎంత వెనక్కి వెళ్లినా ఎక్కడా కలవలేదు. ఈలోగా ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "మీ వైపు అయితే ఆయన నాకు అన్న అయ్యేవాడు కదూ?"

అవుతాడన్నాను.

తన పరీక్ష అయిపోయినా వెళ్దామనలేదు. ఆయన వచ్చాక చెప్పి వెళ్దామంది. కూర్చున్నాం. ఆయన కళ్లలో చుక్కల మందు వేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఈవిడ చెయ్యి కాస్త ఎత్తింది. ఆయనకు కనబడలేదు. మా ముందునుంచే నడిచి వెళ్లిపోయాడు. పిలవనా అని అడిగితే వద్దంది.

సాయంత్రం నా భర్త ఫోన్ చేశాడు. "ఈ వీకెండ్ ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది, రాలేను. ఇవాళ ఏం చేశావ్?"

ఎదురింటావిణ్ణి కంటి డాక్టర్‌కి చూపించానన్నాను. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోన్ పెట్టేసి, కారం లేకుండా పప్పు వండి, అన్నం పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. ఇద్దరం తిన్నాం.

ఆ వేసవిలో ఆవిడ అక్క కూతురు వచ్చి ఆవిణ్ణి ఫ్లోరిడా తీసుకెళ్లింది. ఆ ఫ్లాట్ చాలాకాలం ఖాళీగానే ఉంది.